కుళాయి తిప్పిన సీను

పొద్దున్నే పాపకు పాలు పడుతున్న కోడలి చెవులు ముందుగదిలోనే ఉన్నాయి. అక్కడ అత్తగారు చొక్కాకు కాజాలు కుడుతోంది. పనికి బయల్దేరిన ఆవిడ కొడుకు బూట్ల లేసులు విప్పి మళ్లీ కట్టుకుంటున్నాడు. నిన్న సినిమా మొదటి ఆట చూసొచ్చినప్పటి నుంచి తల్లితో అతడికి మాటల్లేవు.

దుస్తులు కుట్టడానికి షూటింగుకు వెళ్లిన అత్తగారిని, రావలసిన నటి రాకపోయేసరికి, దర్శకుడు తల్లి వేషంలో నిలబెట్టాడు. తాగొచ్చి కొట్టే భర్త, నోరెత్తని భార్య, ఇద్దరు పిల్లలు. అదీ కథ. భర్త వేషం వేసినాయన గది తలుపు మూస్తుంటేనే హాలంతా ఊపిరి బిగబట్టిందట. అత్తగారు ఒక్క మాటైనా లేకుండా అందరినీ ఏడిపించేసిందట. చూసొచ్చిన పక్కింటావిడ చెప్పింది. ఇప్పుడదే దర్శకుడు రెండో సినిమాకు అడుగుతున్నాడు. అబ్బాయిని అడిగి చెబుతానంటే, సాయంత్రం హాలుకొచ్చి ఏ సంగతో చెప్పమన్నాడు.

"వెళ్లొద్దమ్మా. ఇంకే సినిమాలూ వద్దు," అన్నాడు కొడుకు తలెత్తకుండా.

"ఏరా, అంత ఘోరంగా చేశానా?"

"నాన్న పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు ఆయన్ని వీధిలో పెట్టాలా?"

"సినిమాలో మీ నాన్న పేరెక్కడుందిరా?"

"పేరు లేదు. కుళాయి ఉంది!"

"కుళాయేంటండీ?" అంది కోడలు, ఏమీ అర్థంకాక.

అతడు తల్లినే చూస్తున్నాడు. "దెబ్బలు తిన్నాక స్నానాలగదిలోకెళ్లి కుళాయి మొత్తం తిప్పేస్తావే, పిల్లలకి ఏడుపు వినపడకుండా... అది దర్శకుడు రాసిందా, నీ అంతట నువ్వే చేశావా?"

సూది ఆగింది.

"ఏడవమన్నాడంతేరా. నాకు ఏడవడం అలాగే వచ్చు."

"బయట తలుపు బాదేవాణ్ణి కదమ్మా. నీళ్లన్నీ పారబోస్తున్నావు, బుద్ధి లేదా అని అరిచేవాణ్ణి. నువ్వేమో 'ఇదిగో, కట్టేస్తున్నా నాన్నా' అనేదానివి."

"ఎనిమిదేళ్ల వెధవ్వి. నీకేం తెలుసు?"

"నిన్న తెలిసింది. కూర్చోలేక మధ్యలోనే లేచొచ్చేశా. నాన్న పరువూ లేదు, ఏమీ లేదమ్మా. నాకే సిగ్గేసింది."

అతడు నేలమీద కూలబడి ఆమె ఒళ్లో తల పెట్టేశాడు.

"ఒరేయ్, సూదుంది! కన్ను పోతుంది, లే!" అంటూనే ఆమె ఏడ్చింది. ఈసారి గదిలోకి పోలేదు. అందరి ముందే, గట్టిగా ఏడ్చింది. కోడలు పాప మూతి తుడిచే గుడ్డతోనే తన కళ్లూ తుడుచుకుంది.

సాయంత్రం హాల్లో ఒక్క సీటూ ఖాళీ లేదు. కొట్టే సీన్లు పాప కంటపడతాయని కోడలు ఆట అయ్యేదాకా వరండాలోనే తిరిగి, దీపాలు వెలిగాక లోపలికొచ్చింది. దర్శకుడు అత్తగారిని తెర ముందుకు పిలవగానే జనం లేచి నిలబడ్డారు. చప్పట్లు ఎంతకీ ఆగవు. పాప జడుసుకుంటుందేమోనని కోడలు దాని చెవులు మూసింది. అది ఆ చేతులు తోసేసి తనూ చప్పట్లు కొట్టింది.

"మరి రెండో సినిమా సంగతేంటమ్మా? అబ్బాయి ఒప్పుకున్నట్టేనా?" దర్శకుడు నవ్వుతూ అడిగాడు.

అత్తగారు మైకు లాక్కుంది. "వాణ్ణి అడగలేదండీ. నేను ఒప్పుకున్నాను."

వెనక వరుసలోంచి కొడుకు రెండు వేళ్లు నోట్లో పెట్టి వేసిన ఈలకి హాలంతా తిరిగి చూసింది.

"మా అమ్మండీ!" అన్నాడు అందరికీ వినపడేలా.