మిల్లులో నాలుగు దెబ్బలు

కంకిపాడు దాటి కాలవగట్టు వెంట పోతే, మూతబడ్డ రైసుమిల్లు ఒకటుంది. దాని గురించి పగలడిగితే జనం నవ్వుతారు. చీకటి పడ్డాక అడిగితే మాట మారుస్తారు. రాత్రిపూట ఆ దారిన వచ్చేవాళ్లు అక్కడికి రాగానే బండి వేగం పెంచేస్తారు... గుంతలున్నా సరే.

జక్కయ్య చచ్చిపోయింది ఆ మిల్లులోనే.

మిల్లు నడిచే రోజుల్లో అక్కడ ఒక పద్ధతి ఉండేదట. మోటారు వేసేముందు ఇనప స్తంభం మీద రెంచీతో నాలుగు దెబ్బలు కొట్టాలి. కొట్టి — ఆగాలి. లోపల ఎవరైనా ఉంటే ఆగమని కేకేస్తారు. ఆ రోజు మోటారు వేసినవాడు కొట్టాడు గానీ ఆగలేదు. మిషను కింది గుంటలో దిగి బెల్టు సరిచేస్తున్న జక్కయ్య కేక సగంలోనే తెగిపోయింది. బెల్టు అతన్ని పైకి లాగి, గోడకేసి కొట్టి, మళ్లీ లాగింది. ఆ కేక ఇప్పటికీ రాత్రిళ్లు వినిపిస్తుందంటారు.

అలాంటి చోటికి పాటలు రికార్డు చేసుకోడానికి ఎవరైనా వెళతారా? మనవాళ్లు ముగ్గురు వెళ్లారు.

పాడేవాడు కిరీటి. గిటారూ, లాప్‌టాపూ సింధూరివి. డ్రమ్ములు యేసుకుమార్‌వి, చర్చిలో వాయించి నేర్చుకున్నవాడు. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర అద్దెగదిలో మూడేళ్లు చుట్టుపక్కలవాళ్ల తిట్లు తింటూ వాయించారు. ఏ కంపెనీ గడపా తొక్కకుండా నాలుగు పాటలతో తొలి రికార్డు సొంతంగా విడుదల చెయ్యాలని పంతం. రేపు, మాపు అంటూ నానుస్తుండగానే కిరీటి గొంతులో గడ్డ బయటపడింది. రేపు ఆస్పత్రిలో చేరాలి, ఎల్లుండే ఆపరేషను. "మాట కూడా అనుమానమే. పాట మాత్రం మర్చిపోండి," అన్నాడు డాక్టరు.

ఆ గొంతు లోకంలో మిగలాలంటే ఇక ఆ ఒక్క రాత్రే. మిల్లు గోడల మధ్య పాట బ్రహ్మాండంగా మోగుతుంది, పైగా రాత్రయితే ట్రాక్టర్ల మోత ఉండదు.

తాళంచెవి మిల్లు ఎదురింటి శౌరమ్మ దగ్గర ఉంది. ఆమె తలుపు తీసి, జక్కయ్య సంగతీ, నాలుగు దెబ్బల సంగతీ పూసగుచ్చినట్టు చెప్పింది. యేసుకుమార్ డ్రమ్ములు బిగించుకుంటూ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు.

ఇన్వర్టర్ బ్యాటరీ మీద లాప్‌టాప్ వెలిగింది. డ్రమ్ములవాడు ఏ పాటకైనా ముందు కర్రతో నాలుగు కొడతాడు, ఆ వెంటనే పాట అందుకుంటారు. మధ్యలో ఆగడమన్నది ఉండదు. యేసుకుమార్ కొట్టాడు. ఒకటి... రెండు... మూడు... నాలుగు —

నెత్తి మీద, బెల్టులు తిప్పే ఇనప ఇరుసు తిరిగింది!

కరెంటు పీకేసి పన్నెండేళ్లయిన మిల్లది. పైన వేలాడుతున్న బెల్టు గాల్లోకి లేచి, సింధూరి వీపు మీద ఛెళ్లుమని కొట్టింది. ఆమె గిటారుతో సహా బోర్లా పడింది. చొక్కా చిరిగి నెత్తురు కారింది. అయినా పళ్లు బిగించి లేచి వాయించింది. పాత బెల్టు, ఊడిపడిందంతే అనుకున్నారు.

రెండో పాటకి అది కిరీటి మూతి పగలగొట్టింది. వాడు నెత్తురు ఉమ్ముతూనే పాట పూర్తిచేశాడు.

యేసుకుమార్ కర్రలు కింద పడేశాడు. "నావల్ల కాదురా... పోదాం పదండి."

కిరీటి వాడి కాలరు పట్టుకుని ఆ చెంపా ఈ చెంపా వాయించాడు. "ఎల్లుండి తర్వాత నాకు గొంతుండదురా! చస్తే చద్దాం... కొట్టు!"

మూడో పాటకి యేసుకుమార్ ఎడమచెయ్యి విరిగింది. ఎముక చప్పుడు వాడికే వినపడింది. కళ్లు బైర్లు కమ్ముతున్నా ఒంటిచేత్తో లాగించాడు. ఇక మిగిలింది ఒక్క పాట. డ్రమ్ము అంచు మీద నాలుగు కొట్టాడు... అప్పుడు శౌరమ్మ చెప్పింది గుర్తొచ్చింది.

ఆగాడు.

గుంటలోంచి గొంతు లేచింది — "ఆగండి... లోపలున్నాను..."

యేసుకుమార్ గుంట వైపు తిరిగాడు. "ఆగాం పెద్దాయనా," అన్నాడు గుసగుసగా. "బయటికి రండి."

ఇరుసు కదల్లేదు. గుంట నిచ్చెన మీద ఒక్కొక్క మెట్టే చప్పుడయింది. చల్లటి గాలేదో ముగ్గురి మధ్య నుంచి తలుపు దాకా వెళ్లిపోయింది. కిరీటి నాలుగో పాట జన్మలో పాడనంత బాగా పాడాడు. పాడింది వెనక్కి పెట్టి వినే ఓపిక ఆ రాత్రి ఎవరికుంది! సామాను సర్దుకుని ఆస్పత్రికి పరిగెత్తారు.

పదిహేను రోజుల తర్వాత మళ్లీ గదిలో కూర్చున్నారు. కిరీటి గొంతుకు కట్టు. మాట కూడా పోయింది. సింధూరి మొదటి పాట పెట్టింది.

డ్రమ్ములున్నాయి. గిటారుంది. కిరీటి గొంతు ఉండాల్సిన చోట మరెవడో అరుస్తున్నాడు — "ఆగండి... లోపలున్నాను..."

రెండోదీ అంతే. మూడోదీ అంతే. నాలుగోదాంట్లో అరుపు కూడా లేదు. ఎవరో తలుపు తీసుకుని వెళ్లిన చప్పుడు... అంతే.

కిరీటి ఏడ్చాడు. శబ్దం రాలేదు. యేసుకుమార్‌కి తలెత్తి వాడి మొహం చూసే ధైర్యం లేకపోయింది. జక్కయ్యని బయటికి రమ్మని పిలిచింది తనే కదా.

అంతలో యేసుకుమార్ ఫోను మోగింది. శౌరమ్మ.

"బాబూ... తాళం నేనే వేశాను. మరి లోపల పాడతంది ఎవరయ్యా?"

యేసుకుమార్ స్పీకరు నొక్కాడు. "ఫోను... తలుపు దగ్గర పెట్టండమ్మా."

గరగర. ఆ తర్వాత — వాళ్ల మొదటి పాట. కిరీటి గొంతు. ఒక్క స్వరమూ తప్పకుండా, ఒక్కచోట వణకకుండా.

యేసుకుమార్ ఫోను విసిరికొట్టబోయాడు. కిరీటి వాడి మణికట్టు ఒడిసిపట్టుకున్నాడు. ఫోనుని మైకు దగ్గరికి లాక్కుని, రికార్డు నొక్కమని సింధూరికి సైగ చేశాడు.