సగం ధర వేళ

ఆదివారం పొద్దున రాహేలు వేడి వేడి పెసరట్లు తెచ్చి బల్ల మీద పెట్టి, తనూ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎదురుగా మావగారు సుందరరావు మాస్టారు, పక్కన భర్త ఏలీయా. నాలుగో కుర్చీ ఖాళీ. గుడి గంట కొట్టడానికి ఇంకా వ్యవధి ఉంది. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు. మాస్టారు ప్రార్థన చెయ్యాలి, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరూ ఆమెన్ అనాలి, ఆఖరి ఆమెన్ వినబడ్డాకే మాస్టారి చెయ్యి కంచంలోకి వెళ్ళాలి. అప్పటిదాకా కడుపులో ఎలకలు పరిగెడుతున్నా సరే ఎవరూ ముక్క తుంచకూడదు. మాస్టారు అమలాపురంలో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి, పైగా సంఘపెద్ద. ఆయన గీసిన గీత దాటడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు.

మాస్టారు ప్రార్థన ముగించారు. రాహేలు ఆమెన్ అంది. ఏలీయా ఆమెన్ అన్నాడు. మాస్టారు కళ్ళు తెరవలేదు.

ఆయన ఎదురుచూస్తున్నారు. ఆ బల్ల దగ్గర ఆఖరి ఆమెన్ ఎప్పుడూ చిన్నకొడుకు దానియేలుది. బద్ధకంగా, సాగదీసి, నవ్వు బిగబట్టుకుంటూ "ఆ...మెన్" అనేవాడు. వాడు పోయి వచ్చే నెలకి ఏడాది. అయినా మాస్టారు ప్రతి పూటా అలాగే కళ్ళు మూసుకుని ఉండిపోతారు, పెసరట్లు చల్లారిపోతాయి, ఏలీయా పళ్ళు కొరుకుతాడు. రాహేలుకి ఈమధ్య ఆ నిశ్శబ్దం అంటేనే భయం పట్టుకుంది. నాలుగో కుర్చీ వైపు నుంచి, ఎవరో మాట్లాడబోతూ ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపిస్తోంది. తీసుకోవడమే వినబడుతుంది. వదలడం వినబడదు.

చాలాసేపటికి మాస్టారు కళ్ళు తెరిచి, చల్లారిన అట్టు తుంచుకున్నారు.

"రొయ్యల పకోడీలో కాస్త వాము నలిపి వెయ్యాలమ్మా. కడుపుకి తేలిగ్గా ఉంటది" అన్నారు.

రాహేలు కంచాల వైపు చూసింది. బల్ల మీద రొయ్యలూ లేవు, పకోడీలూ లేవు. ఆ మాట దానియేలుది. మాట ఒక్కటే కాదు, ఆ యాసా, మధ్యలో ఆ చిన్న విరుపూ కూడా వాడివే.

దానియేలు కాకినాడలో గుమాస్తాగా చేసేవాడు. పెళ్ళి కాలేదు. నాలిక మాత్రం జమీందారుది. అక్కడి బార్ అండ్ రెస్టారెంట్లలో సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా తిండీ తాగుడూ సగం ధరకిచ్చేవారు. ఎక్కడ కొత్తది తెరిచినా ఆ వేళకి మొదటి బల్ల వాడిదే. "పగటికీ రాత్రికీ మధ్య ఆ రెండు గంటలూ దేవుడు గుమాస్తాల కోసమే చేసేడు వదినా" అనేవాడు. ఒక గ్లాసు బీరు పెట్టుకుని నాలుగు రకాలు రుచి చూసి, శనివారం ఇంటికొచ్చి వంటింటి గడప మీద కూర్చుని ఎక్కడ వంజరం వేపుడు బాగుందో, ఎక్కడ కోడిమాంసంలో కారం ఎక్కువైందో వర్ణించేవాడు. రాహేలు నవ్వుతూ వినేది. ఏలీయాకి మాత్రం తమ్ముడి నోట ఆ వాసన తగిలితే ఒళ్ళు మండిపోయేది.

కిందటేడు ఓ శనివారం సాయంత్రం కాకినాడ నుంచి వస్తూ, మురమళ్ళ దాటాక మోటారు సైకిలు మీంచి పడి దానియేలు చచ్చిపోయాడు. తాగి పడ్డాడని ఊరంతా అంది. ఏలీయా ఆ మాట నమ్మి, గోడ మీది వాడి ఫొటో తీసి ట్రంకు పెట్టెలో పడేశాడు. ఏడాదికి జ్ఞాపకార్థ కూటం పెట్టిద్దామని మాస్టారు రెండుసార్లు అడిగితే, "తాగుబోతుకి కూటం ఏంటండి, నలుగురిలో నవ్వులపాలవడానికా" అన్నాడు. మాస్టారు కొన్నాళ్ళుగా కంటి డాక్టరు దగ్గరికంటూ శనివారం శనివారం కాకినాడ వెళ్ళొస్తున్నారు.

ఆ కంటి డాక్టరు సంగతి ఆ ఆదివారం మధ్యాహ్నమే బయటపడింది. గుడి నుంచి వస్తుంటే కొబ్బరికాయల వ్యాపారం చేసే మంగరాజు ఏలీయాని సందు మొగలో ఆపి, పాపం మంచి మనసుతోనే, చూసింది చెప్పేశాడు. ఏలీయా చెప్పులైనా విప్పకుండా ఇంట్లోకొచ్చాడు.

"నిన్న సాయంత్రం కాకినాడలో ఎక్కడున్నారండీ నాన్నగారూ?"

మాస్టారు పడక్కుర్చీలోంచి లేవలేదు.

"బార్లో ఉండగా మంగరాజుగారు చూసేరంట. ఎదర బీరు గ్లాసు పెట్టుకుని కూర్చున్నారంట. నిజమేనా?"

"ఆయ్" అన్నారు మాస్టారు.

ఏలీయా నీరుగారిపోయాడు. కాదంటారనే అనుకున్నాడు. కాదంటే మంగరాజు మీద అరవొచ్చు, అవునంటే ఏం చెయ్యాలో వాడికి తెలీదు. తెలీనప్పుడు మనిషికి కోపమే దిక్కు.

"తమ్ముణ్ణి మింగింది చాలదా నాన్నగారూ? మీరూ అదే గోతిలో పడతారా? రేపు పాస్టరుగారికి తెలిస్తే సంఘంలో తలెత్తుకోగలమా మనం?"

"ఏవండీ, నెమ్మదిగా" అంది రాహేలు.

"నువ్వుండు. ఈయన నీళ్ళు కూడా బయట తాగని మనిషి. దేనికెళ్ళేరో చెప్పమను."

మాస్టారు కొడుకు మొహంలోకి చూశారు. ఆ చూపులో కోపం లేదు, అలసట ఉంది. "ఇక్కడ చెప్పలేనురా. చెప్పినా నమ్మవు. శనివారం నువ్వూ అమ్మాయీ నాతో రండి. ఆ తరవాత నువ్వెలా అంటే అలా" అన్నారు.

శనివారం ముగ్గురూ బస్సెక్కారు. మాస్టారు తన పక్క సీటు మీద తువ్వాలు పరిచారు. "ఎవరన్నా వస్తారాండీ?" అని కండక్టరు అడిగితే, "ఆయ్, వస్తారు" అన్నారు. మురమళ్ళలో బస్సు కిక్కిరిసిపోయింది. నిలబడ్డవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతున్నారు గానీ, ఆ తువ్వాలు తీసి కూర్చుంటానని ఎవరూ అనలేదు. రాహేలు అది గమనించి కొంగు భుజాల చుట్టూ లాక్కుంది. ఎదుర్లంకలో పంటెక్కి గోదావరి దాటి, యానాంలో మళ్ళీ బస్సు పట్టుకుని, పొద్దు వాలే వేళకి కాకినాడ చేరారు.

రెస్టారెంటు గుమ్మంలో పలక మీద సుద్దతో సగం ధర సంగతి రాసుంది. లోపల పగలే చీకటి. కిటికీలకి మందపాటి తెరలు, గోడకి ఒక ఎర్ర బల్బు, చల్లగా తడి వాసన. జనం ఉన్నారు గానీ అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. మూలనున్న బల్ల దగ్గర ఒక కుర్చీ, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు కాస్త ఎడంగా జరిపి ఉంది. మాస్టారు ఆ కుర్చీ వదిలేసి దాని ఎదుట కూర్చున్నారు. రాహేలు, ఏలీయా చెరో పక్కనా కూర్చున్నారు. వడ్డించే ఏడుకొండలు ఏమీ అడక్కుండానే నిమ్మకాయ సోడా, బీరు గ్లాసు, రొయ్యల పకోడీల ప్లేటు తెచ్చాడు. సోడా మాస్టారి ముందు పెట్టాడు. బీరు ఖాళీ కుర్చీ ముందు పెట్టాడు.

"ఎవరికిది?" అన్నాడు ఏలీయా.

"దానియేలు బాబుగారికండి" అన్నాడు ఏడుకొండలు, అదేదో మామూలు సంగతైనట్టు. అనేసి వెళ్ళిపోయాడు.

అప్పుడు చెప్పారు మాస్టారు. బల్ల మీద చేతులు పెట్టుకుని, పాఠం చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు.

"ఆ శనివారం నేనూ ఇక్కడే ఉన్నానురా. పింఛను పని మీద వచ్చేను. వాడు ఎదురుపడి, ఒక్కసారి నాతో కూర్చోండి నాన్నగారూ, నేనేం తింటానో మీరు చూడాలి, మీకు సోడా చెబుతాను అన్నాడు. కాదనలేకపోయేను. అన్నీ తెచ్చిపెట్టేరు. వాడు చేతులు కట్టుకుని, ప్రార్థన చెయ్యండి అన్నాడు. నాకు ఆ గ్లాసు కనబడింది. సారా బల్ల మీద దేవుడి పేరు ఎత్తనురా అనేసి లేచి వచ్చేసేను."

ఆయన సోడా గ్లాసు పక్కకి జరిపారు.

"ప్రార్థన కాందే ముట్టకూడదని చిన్నప్పట్నించీ నేర్పింది నేనే కదా. వాడు ముట్టలేదు. పకోడీ ముట్టలేదు, గ్లాసూ ముట్టలేదు. అన్నీ అలాగే వదిలేసి, నన్ను బండి మీద ఇంటికి తీసుకెళ్దామని నా వెనకాలే పరిగెత్తేడంట. నేను అప్పటికే బస్సెక్కేసేను. వాడు ముట్టి ఉండడని నా మనసు చెబుతూనే ఉంది, మొన్నీమధ్య ఏడుకొండలు చెబితే రూఢి అయింది. పొద్దున్నించీ ఏం తినలేదు, గట్టిగా పెట్టు అని వాడే అతనితో అన్నాడంట. ఖాళీ కడుపుతో కళ్ళు తిరిగి పడ్డాడురా నా కొడుకు. తాగి పడలేదు."

ఏలీయా ముట్టని బీరు గ్లాసు వైపు చూశాడు. "మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే నేను బార్లో కూర్చున్నానని చెప్పాలి కదా. నా పెద్దరికం కాపాడుకోడానికి వాడికి తాగుబోతు పేరు ఉంచేసేను. వాడు చెప్పిన హోటళ్ళన్నీ తిరిగేను. ప్రతి చోటా ఆ వేళకి కూర్చుని, వాడు మెచ్చుకున్నవి తెప్పించి, ఆ రోజు చెయ్యని ప్రార్థన చేసేను. ఎక్కడా ఏం లేదు. ఇక్కడికి రావడానికి భయపడ్డాను. ఆఖరికి వచ్చేను."

"వస్తే?" అంది రాహేలు.

మాస్టారు తల వంచి కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, నువ్విచ్చిన ఈ ఆహారం కోసం నీకు స్తోత్రం. ఈ బల్ల దగ్గరున్న మా నలుగుర్నీ దీవించు" అన్నారు.

రాహేలు ఆమెన్ అంది. ఏలీయా నోరు తెరిచాడు గానీ మాట పెగల్లేదు. చుట్టుపక్కల బల్లల దగ్గర మాటలు ఒక్కసారిగా ఆగిపోయినట్టు రాహేలుకి అనిపించింది. ఖాళీ కుర్చీ వైపు నుంచి ఊపిరి తీసుకున్న చప్పుడు వినబడింది, ఇంట్లో విన్నట్టే. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఆ...మెన్."

బద్ధకంగా, సాగదీసి. అడుగున నవ్వు.

ఏలీయా దిగ్గున తలెత్తాడు. కుర్చీలో ఎవరూ లేరు. గ్లాసులో నురుగు మెల్లగా దిగుతోంది. వాడు ఆ కుర్చీ చేతిని రెండు చేతులతో పట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కుతూ, "ఆమెన్ రా... ఆమెన్" అన్నాడు. ఆ కుటుంబంలో తమ్ముడి ఆమెన్ తరవాత ఏలీయా ఆమెన్ రావడం అదే మొదలు.

మాస్టారు మొదటి పకోడీ తీసి ఖాళీ కుర్చీ ముందు పెట్టారు. తరవాత ముగ్గురూ తిన్నారు. రాహేలు కొరికి చూసింది. వాము రుచి నాలిక్కి తగిలింది. కళ్ళ నీళ్ళు కారిపోతున్నా ఆమె తుడుచుకోలేదు.

మర్నాడు ఆదివారం. ఏలీయా పొద్దున్నే ట్రంకు పెట్టె తెరిచి ఫొటో తీసి, పంచె చెంగుతో తుడిచి గోడకి తగిలించాడు. మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు.

"ఇవాళ గుడిలో నిలబడి అంతా చెప్పేస్తాను. బారు సంగతితో సహా. పెద్దరికం తీసేస్తే తీసేస్తారు" అన్నారు.

"మీ పక్కన నేనూ నిలబడతానండీ. వాణ్ణి తాగుబోతన్నది నేనూను. కూటం కూడా పెద్దగానే పెడదాం" అన్నాడు ఏలీయా.

రాహేలు పెసరట్లు తెచ్చి పెట్టింది. మాస్టారు ప్రార్థన చేశారు. ఆమె ఆమెన్ అంది. ఏలీయా ఆమెన్ అన్నాడు. అలవాటుగా ఆమె నాలుగో కుర్చీ వైపు చెవి పెట్టింది. ఊపిరి చప్పుడు లేదు. కుర్చీ ఉత్త కుర్చీలా ఉంది.

మాస్టారు కళ్ళు తెరిచి అట్టు తుంచారు. చెయ్యి చురుక్కుమంటే వేళ్ళు ఊదుకున్నారు.

"వేడిగా ఉందమ్మా" అన్నారు ఆయన, తింటూ.

రాహేలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.