వచ్చేవాళ్ళ తలుపు

కొత్త విమానాశ్రయం టెర్మినల్ తెరిచి పట్టుమని పదిరోజులు కాకముందే ఊళ్ళో ప్రతివాళ్ళూ దాని మీద ఏదో ఒక మాట అనేశారు. పాలు పోసే అతను ఆ నేల నిగనిగ చూసి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచానని చెప్పాడు. పక్కింటావిడకి అక్కడి కుళాయి మీద కోపం. అందరి చేతులూ గుర్తుపట్టి నీళ్ళు వదిలే కుళాయి తన చేతుల్ని పట్టించుకోలేదట. కోడలు వచ్చి చెయ్యి పెట్టగానే ధారగా వదిలిందట. ఇంట్లోనూ ఇదే వరస కదా అని ఆవిడ నిట్టూర్చింది. ఎదురింటి టాక్సీ డ్రైవర్ మాత్రం, తన తమ్ముడు ఏ తలుపులోంచి వచ్చాడో ఏమో వెనకనుంచి భుజం తట్టేసరికి జేబుదొంగ అనుకుని మోచేత్తో ఒక్కటి పొడిచానని, వాడింకా పక్కటెముకలు రాసుకుంటున్నాడని చెప్పాడు.

ఆ ఉదయం మాస్టారు గేటు దగ్గర నిలబడి ఇవన్నీ విని నవ్వారు. కానీ ఆ నవ్వుని వంటింటి దాకా రానివ్వలేదు. ఆ టెర్మినల్‌లో ప్రయాణికులు దిగి బయటికొచ్చే హాలుకి ప్లాను గీసింది ఆయన కూతురు. దాన్ని ఊరందరికీ వినపడేలా తప్పుపట్టింది ఆయన.

ఆయన బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు కాదు. బజారువీధిలో ఏళ్ళ తరబడి కళ్ళజోళ్ళ దుకాణం నడిపారు. గోడ మీది అక్షరాలు కర్రతో చూపిస్తూ చదివించేవారు కాబట్టి జనం మాస్టారనేవారు. మోకాళ్ళు మొరాయించాక దుకాణం మూసేసి కూతురింటికి వచ్చేశారు. టెర్మినల్ తెరిచిన రోజు ఆయన, కూతురు, అల్లుడు ముగ్గురూ కలిసే చూడ్డానికి వెళ్ళారు. కూతురు లోపల ఎవరితోనో మాట్లాడుతుండగా ఒక టీవీ అమ్మాయి ఆయన మొహం ముందు మైకు పెట్టి ఎలా ఉందని అడిగింది. "ఇన్ని అద్దాలు పెట్టారు, వచ్చేవాళ్ళ మొహం మాత్రం చూడనివ్వలేదు" అన్నారు మాస్టారు. అంతే. సాయంత్రానికి ఆ మాట అందరి ఫోన్లలోనూ ఉంది. కూతురు దాన్ని ఆఫీసులో, ఎవరో నవ్వుతూ చూపిస్తే చూసింది.

అప్పట్నించీ ఆమె తండ్రితో అవసరమైన మాటలే మాట్లాడుతోంది. మందులు వేసుకున్నావా, తలుపు గడియ పెట్టుకో, ఇవే. కంచం ముందు పెడుతోంది, నీళ్ళు పెడుతోంది, కళ్ళెత్తి చూడటం లేదు. మధ్యలో అల్లుడు నలిగిపోతున్నాడు. అతను పళ్ళ డాక్టరు. "నా దగ్గరికొచ్చేవాళ్ళని నోరు తెరవండి బాబూ అని బతిమాలాలి మావయ్యగారూ. మీరేమో ఒక్కసారి తెరిస్తే ఊరంతా విన్నది" అని నవ్వించబోయాడు. మాస్టారు నవ్వారు. కూతురు నవ్వలేదు.

ఆ రోజే పది గంటలకి విమానాశ్రయం వాళ్ళు జనాభిప్రాయ సభ పెట్టారు. మాట్లాడమని మాస్టారిని ప్రత్యేకంగా పిలిచారు. ఎక్కువమంది ఆయన మాటే అంటే ఆ హాలు పగలగొట్టి వేరే ఎవరిచేతో మళ్ళీ గీయిస్తారని కూతురి ఆఫీసులో అనుకుంటున్నారు. అంటే, ఆమె ఏళ్ళ కష్టాన్ని తీసిపారేయమని తండ్రి లేచి నిలబడి అడుగుతుంటే, అదే గదిలో కూర్చుని ఆమె వినాలి.

మాస్టారు భోజనాల బల్ల మీద దుప్పటి మడిచి వేసి తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. కూతురు టీ గ్లాసు తెచ్చి ఆయన పక్కన పెట్టి, వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"నాన్నా, నువ్వు వెళ్ళొద్దు."

"పిలిచారు కదమ్మా. కారు కూడా పంపిస్తామన్నారు."

"కారెక్కడానికి వెళ్తున్నావా?"

"అనుకున్నది చెప్పడానికి వెళ్తున్నాను. నీ హాలు బాగాలేదని నేననలేదు తల్లీ. పైనుంచి ఎండ దిగే తీరు చూసి నాకు ఒళ్ళు పులకరించింది. కానీ నాలుగైదు తలుపులు పెట్టి ఎవరు ఎటునుంచి వస్తారో తెలీకుండా చేశావు. కుర్చీలన్నీ తోటవైపు తిప్పేశావు. వచ్చినవాళ్ళు ఫోను చేస్తే అప్పుడు తల తిప్పి చూసుకోవాలట. ఎదురుచూసేవాళ్ళకి చోటేదమ్మా? వేరేవాళ్ళు మర్చిపోయారంటే సరే. నువ్వెలా మర్చిపోయావు?"

పాత టెర్మినల్‌ని ఆయన మర్చిపోలేదు. రేకుల పంచతో, నెమ్మదిగా తిరిగే ఫ్యాన్లతో బస్‌స్టాండుకి అన్నలా ఉండేది. రెండు రెక్కల తలుపు ఒకటే. దాని ముందు ఆకుపచ్చ రంగేసిన ఇనపకమ్మీ ఒకటి, చేతులానీ ఆనీ రంగంతా పోయి, మెరుస్తూ. ఆదివారం సాయంత్రం దుకాణం కట్టేసి, కూతుర్ని తీసుకుని బస్సెక్కేవారు. వాళ్ళకి రావలసిన వాళ్ళెవరూ లేరు. అయినా ఆ కమ్మీ దగ్గర నిలబడేవాళ్ళు. తలుపు కదిలితే చాలు, అందరి మెడలూ ఒక్కసారిగా సాగేవి. ముసలాయన ఒకడు చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని పరిగెత్తుకొచ్చేవాడు. కొత్త పెళ్ళికూతురు ఒకతె నవ్వాలో ఏడవాలో తెలీక మొహం దాచుకునేది. పిల్లకి కనపడాలని ముక్కూమొహం తెలీనివాళ్ళు పక్కకి జరిగి చోటిచ్చేవాళ్ళు. కాపలా అతను తన స్టూలు తెచ్చి వేసేవాడు. దిగొచ్చిన వాళ్ళలో ఎవరో ఒకరు సంతోషం పట్టలేక పక్కనున్న పిల్లకి కూడా చాక్లెట్ చేతిలో పెట్టి పోయేవాళ్ళు. తల్లి లేని ఇంట్లో ఆదివారాలు అలా గడిచాయి. ఆయన జీవితంలో ఎవరైనా చేసిన మేలు ఏదంటే, పేర్లు తెలీని ఆ మనుషులు చేసిందే అని ఆయన నమ్మకం.

"నేనేం మర్చిపోలేదు" అంది కూతురు. "అన్నీ గుర్తున్నాయి కాబట్టే తీసేశాను."

మాస్టారు ఇస్త్రీ ఆపి చూశారు.

"అమ్మ వైద్యానికి వెళ్ళింది ఆ ఎయిర్‌పోర్టులోంచే కదా నాన్నా. నేను చెయ్యి ఊపాను. తర్వాత నువ్వొక్కడివే తిరిగొచ్చావు. ఆ తర్వాత ప్రతి ఆదివారం నన్ను తీసుకెళ్ళి, వచ్చేవాళ్ళ తలుపు ముందు నిలబెట్టావు. నేనేమనుకుంటాను?"

ఆయన చేతిలోని ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఉండిపోయింది. అల్లుడు గబగబా వచ్చి స్విచ్ కట్టేసి, పెట్టెని నిలబెట్టి, వెళ్ళి గోడ వారగా నిలబడ్డాడు.

"అక్కయ్య చెప్పలేదా నీకు?" అన్నారు మాస్టారు.

"మీ నాన్న వచ్చి చెప్తాడులే అంది పెద్దత్త."

మాస్టారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. భార్య పోయింది దూరాన, ఆసుపత్రిలో. అంతా అక్కడే జరిగిపోయింది. పిల్లని అక్కగారి దగ్గర వదిలి వెళ్ళారు. తిరిగొచ్చిన రోజు అక్కగారు గుమ్మంలోనే ఆయన్ని ఆపి, పిల్ల అడగడం మానేసిందిరా, నువ్విప్పుడే కదిలించకు అంది. అడగడం మానేసిందంటే అక్కయ్య చెప్పేసిందనుకున్నారు ఆయన. ఆయన తన ముందు ఆ ఊసెత్తకపోతే, తమ్ముడే ఏకాంతంగా చెప్పి ఉంటాడనుకుంది ఆవిడ. పుండు మీద వేలు పెట్టడం ఇష్టంలేక ఇద్దరూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆవిడ పోయి కూడా చాలాకాలమైంది.

"మరి ఎప్పుడు తెలిసింది?"

"బళ్ళో. ఆటల్లో పడి మోకాలు చీరుకుపోయింది. తల్లి లేని పిల్ల, కట్టు మనమే కట్టి పంపిద్దాం అని ఒక టీచర్ ఇంకో టీచర్‌తో అంది. కట్టు మాత్రం ఎంత మెత్తగా కట్టిందో. నొప్పే తెలీలేదు."

"తెలిశాక కూడా వచ్చేదానివి కదమ్మా. ఏళ్ళ తరబడి. నేను దుకాణం కట్టి వచ్చేసరికి ఉతికిన గౌను వేసుకుని, బూట్లు తొడుక్కుని అరుగు మీద కూర్చునేదానివి."

కూతురు గ్లాసు కింద కారిన టీని పైటచెంగుతో తుడిచింది.

"నీకు తెలీదనుకున్నాను నాన్నా."

"నాకు తెలీకపోవడమేమిటి?"

"అమ్మ ఇక రాదని నీకెవరూ చెప్పలేదేమో అనుకున్నాను. తలుపు తెరిచిన ప్రతిసారీ నువ్వు మడమలెత్తి చూసేవాడివి. నేను రానంటే ఎందుకని అడుగుతావు. అడిగితే నేనే చెప్పాలి. నీకు నేనెలా చెప్పను?"

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"నీకు కనపడుతోందో లేదో అని లేచి చూసేవాణ్ణి" అన్నారు మాస్టారు చివరికి. "నాకు ఎప్పుడో చాలనిపించింది తల్లీ. ఒక ఆదివారం ఇంట్లోనే పడుకుందామనుకునేవాణ్ణి. నువ్వు అరుగు మీద తయారుగా కూర్చుని ఉంటే, పాపం దానికున్న సరదా ఇదొక్కటే కదా అని..."

ఒకరి కోసం ఒకరు ఇష్టం నటిస్తూ అన్ని ఆదివారాలు ఆ కమ్మీ పట్టుకుని నిలబడ్డామని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. కూతురికి నవ్వు వచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే మొహం ముడుచుకుపోయింది. స్నానాలగదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి చాలాసేపు రాలేదు.

మాస్టారు అల్లుణ్ణి పిలిచి, ఆ సభవాళ్ళకి ఫోను చేసి ఒంట్లో బాగాలేదని చెప్పమన్నారు. అల్లుడు ఫోను తీసేలోపే కూతురు మొహం తుడుచుకుంటూ వచ్చింది. ఒంట్లో బాగానే ఉంది, నా కారులోనే వెళ్దాం, ఆ కాలిన చొక్కా వదిలేసి వేరేది వేసుకో అంది. నువ్వు అనుకున్నదే చెప్పు, నాకోసం మింగేయకు, మనం మింగినవి చాలు అని కూడా అంది.

సభలో అందరూ తలో మాటా అన్నారు. ఒకాయన టెర్మినల్‌ని చూస్తే మన ఊరు పట్నమైందనిపిస్తోందని చప్పట్లు కొట్టించాడు. ఒకావిడ నడవలేక ప్రాణం పోతోందని, విమానంలో కూర్చున్నది తక్కువ, కట్టడంలో నడిచింది ఎక్కువ అని నవ్వించింది. మాస్టారు లేచేసరికి, ఆ కళ్ళజోళ్ళాయనే అని గుసగుసలు వినిపించాయి.

"నేనన్న మాట వెనక్కి తీసుకోను" అన్నారాయన. "వచ్చేవాళ్ళ మొహం చూడనివ్వాలి. తమకోసం ఎవరూ రానివాళ్ళు కూడా ఆ తలుపు ముందు నిలబడతారని, వాళ్ళ బాధ ఒకటుంటుందని నాకీ ఉదయమే తెలిసింది. అది నాకంటే ముందు తెలిసిన మనిషే ఈ హాలు గీసింది. దాన్ని దిద్దాలన్నా ఆ మనిషే దిద్దాలి."

ఆ మాట చాలామందికి అర్థం కాలేదు. కూతురు లేచింది. కాగితం చూడకుండా మాట్లాడింది. తలుపులు కలిపి ఒకటి చేస్తానంది. ఎదురుగా నిలబడే చోటు వదులుతానంది. చూడలేనివాళ్ళ కోసం తోటవైపు కుర్చీలు కొన్ని అలాగే ఉంచుతానంది. ఆఖరికి, బోర్డు మీద అక్షరాలు చాలవని, విమానం ఆలస్యమైనా, అనుకున్న మనిషి అందులో లేకపోయినా, ఎదురుచూసేవాళ్ళ దగ్గరికి నడిచి వచ్చి మెల్లగా చెప్పే మనిషి ఒకరు ఆ తలుపు దగ్గర ఉండాలని అడిగింది. బల్ల అవతలి పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఆ బొమ్మ మీరే గీసి తీసుకురండమ్మా అన్నాడు.

తిరిగొచ్చాక కూతురు ఇంటిముందు కారు ఆపింది గానీ దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి ముందుకు చూస్తూ కూర్చుంది.

"నాన్నా, నాకింకా ఎవరూ చెప్పలేదు" అంది.

ఏమి చెప్పలేదని మాస్టారు అడగలేదు. చేయి చాపి, స్టీరింగు మీది కూతురి చేతిని తీసి తన చేతిలో పెట్టుకున్నారు. చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకలున్న ఆ మనిషిలో చిన్నపిల్ల ఎక్కడుందో వెతుక్కుని, ఆ పిల్లకే చెప్పారు.

"అమ్మ చనిపోయింది తల్లీ."

ఆమె తలూపింది. మొదటిసారి వింటున్నట్టే విన్నది.

"ఎప్పుడు?"

"తెల్లవారుతుండగా. నేను పక్కనే ఉన్నాను. నొప్పి తగ్గిందని చెప్పింది. కిటికీ తెరవమంటే తెరిచాను. పిల్లకి జడ ఎవరు వేస్తున్నారని అడిగింది. అక్కయ్య వేస్తోందన్నాను. వదిన చిక్కు తీసేటప్పుడు గట్టిగా లాగుతుంది, మెల్లగా తియ్యమని చెప్పు అంది. తర్వాత ఏమీ మాట్లాడలేదు. నిద్రలోనే వెళ్ళిపోయింది."

"పెద్దత్తకి చెప్పావా?"

"అక్కయ్యకి ఏం చెప్తానమ్మా, నొచ్చుకుంటుంది. అందుకని జడ వెయ్యడం నేనే నేర్చుకున్నాను."

కూతురు పక్కకి ఒరిగి తండ్రి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఇన్నాళ్ళూ దాచుకున్న ఏడుపు, చిన్నపిల్లలా వెక్కిళ్ళతో వచ్చింది. మాస్టారు ఊరుకోమనలేదు. ఆమె తల నిమురుతూ, వేళ్ళకి తగిలిన చిక్కుని లాగకుండా మెల్లగా విడదీస్తూ కూర్చున్నారు.

కారు చప్పుడు విని అల్లుడు గేటు తీయడానికి వచ్చాడు. అద్దంలోంచి ఇద్దర్నీ చూశాడు. గేటుని మళ్ళీ చప్పుడు కాకుండా దగ్గరగా వేసి లోపలికి వెళ్ళిపోయాడు.