దోసిలి రాయి

రెండు వేల తొంభై ఒకటి నాటికి కట్టడాలకి ప్లాన్లు గీసేవాళ్ళే లేరు. మనుషుల వాడుకే ప్లాను. ఒక పాత లైబ్రరీని పెంచితే, ముసలాళ్ళు పేపరు చదువుతూ ఆనుకునే గోడకి దానంతటదే కిటికీ మొలిచింది. ఇంకోచోట, ఏదో సర్కారు కచేరీలో, జనం గంటల తరబడి నిలబడి కాళ్ళు మార్చుకునే వరండాలో రాతి బెంచీ లేచింది. అధికారులు దాన్ని రెండుసార్లు చెక్కించేశారు. రెండుసార్లూ మళ్ళీ లేచింది. జనాన్ని నిలబెట్టడం మానితే కదా అది లేవడం మానేది!

ఇదంతా జీవసున్నం మహిమ. పూర్వం గానుగలో సున్నం, ఇసుక, బెల్లం, కరక్కాయ నీళ్ళు పోసి తిప్పేవారు. ఇప్పుడు అదే సున్నంలో రాయిని పేర్చే బాక్టీరియాని పెంచుతారు. దాన్ని నడిపే యంత్రం పేరు స్థపతి. పాత కట్టడంలో తొంభై రోజులు వేలకొద్దీ సెన్సర్లతో కాపు కాస్తుంది. ఆ సెన్సర్లని పనివాళ్ళు వాడుకకళ్ళు అంటారు. ఎవరు ఎటు నడిచారు, ఎక్కడ ఆగారు, ఎవరికి ఏది ఎలా అందించారు, అన్నీ చూస్తుంది. ఆ తర్వాత పాత గోడని ఆనుకుని కొత్త గోడ పెంచుతుంది. ఎక్కడ పాతది ఆగిందో, ఎక్కడ కొత్తది మొదలైందో వేలితో తడిమినా తెలియదు.

కోరంగి దగ్గర వెంకమాంబ సత్రాన్ని అరవై గదుల అతిథిగృహంగా పెంచే పని ఇంజనీరు కాటం రూతుది. చట్టప్రకారం ఆ కట్టడంలో స్థపతి ఆమె గొంతుకే లొంగుతుంది.

పడవల మీద వచ్చిన బాటసారులకి మూడు వందల ఏళ్ళ కిందటి నుంచీ అన్నం పెట్టిన సత్రం అది. పెట్టింది, కాదనలేదు. కానీ ఉత్తరపు గోడలో నడుమెత్తున ఒక రాతి తూము ఉండేది. లోపలివారు నీళ్ళు పోస్తే బయటివారి దోసిట్లో పడేవి. ఒకరినొకరు తాకే పని లేదు. ఊళ్ళో దాన్ని దోసిలి రాయి అనేవారు.

"మా యమ్మమ్మ చిన్నప్పుడు అక్కడ నిలబడి తాగేదంటమ్మా," అని రూతుకి వాళ్ళ అమ్మమ్మ చెప్పేది. "సగం నీళ్ళు మోచేతులమ్మట కారిపోయేయంట. ఇంకాసిన్ని పొయ్యండి బాబూ అనడానికి భయమంట."

సత్రం మండలి ఛైర్మన్ జోగారావు గారికి ఆ రాయి కంట్లో నలుసైంది.

"అది తీయించెయ్యమ్మా రూతూ. వచ్చినవాళ్ళు ఇదేటని అడుగుతారు. ఏం చెబుతాం?"

"ఉన్నదే చెబుదాం సార్."

"అబ్బే! అవన్నీ ఎప్పుడో పోయాయి. ఇప్పుడెవరు చేస్తున్నారమ్మా అలాంటి పన్లు? అన్నం పెట్టిన సత్రమని రాసుకుందాం. అది నిజమే కదా?"

"సగం నిజం సార్."

"రేపటికల్లా నువ్వు తియ్యకపోతే, తీసే ఇంజనీర్ని తెచ్చుకుంటాం. ఇంకోటి. పాత వాడుకలేవీ ఆ యంత్రానికి నేర్పకు. ఇవాళ్టి మనుషుల్ని చూసి కట్టమను. మనం ఇవాళ్టి మనుషులం."

రూతుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎన్ని తరాలు అక్కడ వంగి తాగాయి! ఆ వంగినదానికి మిగిలిన ఒక్క గుర్తునీ పీకి పారెయ్యాలా? తను వెళ్ళిపోతే వచ్చేవాడు దాన్ని ముక్కలు కూడా చేస్తాడని తనకి తనే నచ్చజెప్పుకుని, రాయి తియ్యమనీ పాత వాడుకలు మరిచిపొమ్మనీ స్థపతికి ఆజ్ఞ ఇచ్చింది. రాయి ఊడి పెరట్లోకి చేరింది. ఆ వేళ ఆమెకి అన్నం సహించలేదు. ఏ మొహం పెట్టుకుని అమ్మమ్మ ఫోటో చూడను అనుకుంది.

తొంభై రోజులు గడిచాయి. ఇంకో పదకొండు రోజుల్లో కొత్త భాగం పెరిగింది. భోజనశాల చూసి మండలివారంతా ఆహా అన్నారు. వంటగది దగ్గరికి వచ్చేసరికి అందరి అడుగులూ ఆగిపోయాయి.

వెనక గోడలో, నడుమెత్తున, కొత్త తూము. పాతదానికంటే నున్నగా, అందంగా ఉంది.

"కావాలనే చేశావు!" జోగారావు గారు రూతు మీద విరుచుకుపడ్డారు. "కక్ష తీర్చుకున్నావు!"

"ఒట్టు సార్, నాకేం తెలీదు. స్థపతీ! ఇది ఎక్కణ్ణుంచి తెచ్చావు? పాతది మరిచిపొమ్మన్నాను కదా?"

"మరిచిపోయానమ్మా," అంది స్థపతి. "ఇది ఈ తొంభై రోజుల వాడుక. చెత్త ఎత్తేవారికి, కాలువ తీసేవారికి, బరువులు మోసేవారికి ఈ సత్రంలో రెండు వందల పన్నెండుసార్లు నీళ్ళిచ్చారు. ఎవరూ గ్లాసు చేతికివ్వలేదు. సీసా ఎత్తి దోసిట్లో పోశారు. అన్నిసార్లు చేసే పనికి గోడలో వీలు కల్పించడం నా ధర్మం."

"పచ్చి అబద్ధం! మా సత్రం ఆఫీసులో అలాంటివాళ్ళెవరూ లేరు!"

స్థపతి ఎదుటి గోడ మీద కదిలే, మాట్లాడే బొమ్మ వేసింది. మెట్ల మీద జోగారావు గారు, కింద చెత్తబండి మనిషి, మధ్య గాలిలో నీళ్ళ ధార.

"అదీ... చేతులు మురికిగా ఉన్నాయి కదండీ! శుభ్రత కోసం!"

"అందరూ ఆ మాటే అన్నారు," అంది స్థపతి.

రూతు ఇక ఆగలేకపోయింది. "ఎప్పుడో పోయాయన్నారే! ఎక్కడికి పోయాయి సార్? మా వాళ్ళకీ ఇదే చెప్పుంటారు, మీ చేతులు మురికి అని! ఇవాళ్టి మనుషులట! సిగ్గుండాలి! స్థపతీ, మిగతావి కూడా చూపించు. ఒక్కటీ వదలకు."

"అన్నీనా అమ్మా?"

"అన్నీ!"

ఒక్కొక్కటీ వస్తున్నాయి. గుమాస్తా, వంటమనిషి, మేనేజరు. ఒక్కొక్కరూ తలదించుకుంటున్నారు. ఇంతలో ఒక బొమ్మ వచ్చింది. ఉత్తరపు గేటు దగ్గర పచ్చ హెల్మెట్ పెట్టుకున్న ఆడమనిషి. మురుగుగుంటలోంచి పైకొచ్చిన మనిషి దోసిలి పట్టాడు. ఆమె తన సీసా ఎత్తి, జానెడు ఎడంగా పట్టి పోస్తోంది. రెండో చేత్తో ఫోను చెవికి పెట్టుకుని ఎవరితోనో కోపంగా అంటోంది: "మా వాళ్ళు దోసిలి పట్టిన రాయే అది! పీకించేశాడు!"

అది రూతు. ఆ మనిషి మోచేతులమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. ఆమె అటు చూడనైనా లేదు.

చేతులు మురికిగా ఉన్నాయి కదా అన్న మాట రూతు నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని దిగమింగింది. ఆ మనిషి పేరేమిటో కూడా ఆమెకి తెలియదు.

జోగారావు గారి మొహం వికసించింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "చూశావా అమ్మా! అందరం మనుషులమే. నువ్వేం తప్పు చేశావని? ఆ తూము పూడ్పించెయ్, ఆ బొమ్మలు చెరిపించెయ్. మనలో మనకి ఉండిపోద్ది."

అంత ఆప్యాయంగా ఆయన ఆమెతో ఎన్నడూ మాట్లాడలేదు. రూతుకి ఆయన మీద వచ్చిన కోపం కంటే తన మీద వచ్చిన కోపం వెయ్యి రెట్లు ఎక్కువ.

"స్థపతీ, ఈ తూముని ముట్టకు. పెరట్లో రాయి తెచ్చి దీని పక్కనే అతుకు. కింద పలక కట్టు. నీళ్ళు పోసిన ప్రతివాళ్ళ పేరూ, తేదీ రాయి."

"ఏ వరుసలో అమ్మా?"

"మొదట కాటం రూతు. రెండోది ఛైర్మన్ గారిది."

"నీ ఉద్యోగం ఊడబెరికిస్తాను!" జోగారావు గారు అరిచారు.

"ఊడబెరికించండి సార్. ఇంకో ఇంజనీరు వచ్చేసరికి సున్నం గట్టిపడుతుంది. చెక్కించినా, మనం ఇలా పోసినన్నాళ్ళూ తూము మళ్ళీ లేస్తుంది," అని రూతు ఆ దోసిలి పట్టిన మనిషి పేరు కనుక్కోవడానికి బయటికి నడిచింది.