ఇంజన్ ఆపే బటన్

పొద్దున ఏడున్నరకే పుంగనూరు బజారులో నంజప్ప పరువు పోయింది. పాల ప్యాకెట్టుకని వెళ్తే శంకరప్ప అంగట్లోంచే కేకేశాడు. "ఏమప్పా, మీ విమానం కొడుకు వారంగా ఇంట్లోనే ఉండాడంట. ఉద్యోగం ఉండాదా, ఊడిందా?"

నంజప్ప తల వంచుకుని వచ్చేశాడు. జవాబు తనకు తెలిస్తే కదా చెప్పడానికి. పన్నెండేళ్లుగా విమానాలు నడుపుతున్న కెప్టెన్ భానుప్రకాశ్, సెలవు పెట్టి వచ్చి, ముందు గదిలో కంప్యూటర్ పెట్టుకుని, కాళ్ల కింద రెండు పెడళ్లు బిగించుకుని, బొమ్మ విమానం తోలుతున్నాడు. అదైనా ఏ ఊరికైనా పోతుందా అంటే లేదు. లేస్తుంది, పక్కకు ఒరుగుతుంది, మళ్లీ మొదటికే వస్తుంది.

ఇంట్లోకి వస్తూనే నంజప్ప గోడకున్న స్విచ్ ఆపేశాడు. తెర నల్లబడింది.

"యాల ఆపేస్తివి నాయనా?"

"ముప్పై ఏండ్లు మదనపల్లె నుంచి కుప్పానికి ప్రైవేటు బస్సు తోలినా. ఒక్కనాడైనా ఇంట్లో కూర్చోని స్టీరింగు తిప్పినానా? పని వచ్చినోడు చేసే పనేనా ఇది? ఊరు నవ్వుతాండాది."

"పని వచ్చినోడికే ఇది కావాల. పైకి లేచేటప్పుడు ఒక ఇంజన్ ఆగిపోతే ఏం చేస్తామో సూసేదానికి ఆరు నెలలకోసారి పరీక్ష పెడతారు. పోయిన నెల విమానం ఒరగకుండా ఎడమ పెడల్ తొక్కాల్సింది, కుడిది తొక్కినా. సోమవారం మళ్లీ ఉండాది. ఈసారీ తప్పితే కెప్టెన్ సీటు పోతాది."

"రోజూ తోలే విమానంలోనే నేర్చుకోరాదా?"

"నూటయాభై మందిని ఎక్కించుకోనా?"

నంజప్ప నోరు జారాడు. "అంత భయం ఉండేవాడు ఆ పని మానుకోవాల. వచ్చి అంగడి పెట్టుకో."

గంగులమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. నలభై ఏళ్ల కాపురంలో మొగుడికి ఎదురు చెప్పని మనిషి.

"నీకు లేదా భయం? ఆ కొండ దిగుట్లో బ్రేకు పడక నీ బస్సెక్కిన చిన్నబిడ్డ పోయినకాడి నుంచి, పదిహేనేండ్లుగా నిద్దట్లో మంచం కోడు తొక్కుతానే ఉండావు. పొద్దున లేచి నీ కాలికి ఆముదం రాసేది నేను. నువ్వు జరిగినాక తొక్కుతాండావు. వాడు జరగకముందే తొక్కుతాండాడు. తొక్కనీ వాణ్ణి."

భాను తండ్రి కాలి వైపు చూశాడు. బస్సు సంగతి తెలుసు గానీ, మంచం సంగతి అతనికి కొత్త.

నంజప్ప గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. ఆ బిడ్డ ముందు సీట్లో కూర్చుని దారి పొడవునా తనతో కబుర్లు చెప్పింది. ఆ మాట ఇంతవరకు పెళ్లానికి కూడా చెప్పలేదు.

చెయ్యి చాచి స్విచ్ వేశాడు. "ఒంటిగా చేస్తే ఏం లాభమప్పా? ఎప్పుడు ఆగుతాదో నీకు ముందే తెలిసిపోతాది గదా."

"అదే చిక్కు. ఇంకొకరు ఆపాల. ఇదో, ఈ బటన్. నాకు చెప్పకుండా నొక్కాల."

నంజప్ప స్టూలు జరుపుకుని కూర్చున్నాడు. విమానం పరుగెత్తి లేచింది. వేలు బటన్ మీదే ఉంది, కదల్లేదు. రెండోసారీ నొక్కలేకపోయాడు. మూడోసారీ అంతే.

"నొక్కు నాయనా," అన్నాడు భాను తెర మీంచి చూపు తిప్పకుండా. "ఆడ నిజంగా ఆగేటప్పుడు నన్ను ఎవరూ అడగరు."

నాలుగోసారి నొక్కాడు. విమానం ఒక పక్కకు ఒరిగింది. భాను కాలు క్షణం తడబడి, సరైన పెడల్ మీద బలంగా దిగింది. విమానం మెల్లగా నిలదొక్కుకుంది.

నంజప్ప కండువాలో మొహం దాచుకుని ఏడ్చాడు. బిడ్డ పోయిన రోజున కూడా ఆయన కంట నీరు చూసినవాళ్లు లేరు. గంగులమ్మ పక్కకు వచ్చి నిలబడింది.

"ఇంకోసారి తోలప్పా," అన్నాడు ఏడుస్తూనే. "నేను నొక్కుతా."