అక్క కాళ్ళు, చెల్లి వేళ్ళు

పిల్లలూ, నా రాతలో వత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. మా ఆయన పోయాక, అరవై దాటాక పలక పట్టాను. నాలుగు మాటలు రాయడానికి నాకు పూటంతా పడుతుంది. మీరు మాత్రం గబగబా చదివేయండి.

శనివారం మధ్యాహ్నం. చర్చిలో పిల్లలు పాస్టరమ్మగారి దగ్గర పాటలు నేర్చుకుంటున్నారు.

అక్కకు పదకొండేళ్ళు. మనిషి పొడుగు కాబట్టి అందరూ ‘నిచ్చెన’ అంటారు. చెల్లికి ఏడేళ్ళు. దాని పేరు ‘బుడ్డి’. ఆ చర్చిలో ఉన్నది కాళ్ళతో తొక్కే పాత హార్మోనియం. తొక్కితేనే తిత్తిలోకి గాలి వెళ్తుంది. గాలి ఉంటేనే పాట పలుకుతుంది. బుడ్డికి వాయించడం చక్కగా వచ్చు కానీ కాళ్ళు అందవు. నిచ్చెనకు కాళ్ళు అందుతాయి కానీ వేళ్ళు మాట వినవు. అందుకే ఒకే బల్ల మీద ఇద్దరూ కూర్చుంటారు. చెల్లి వాయిస్తుంది, అక్క తొక్కుతుంది.

రేపు ఆరాధనలో బుడ్డి మొదటిసారి అందరి ముందు వాయించాలి.

“ఎంత బాగా వాయించావే, బంగారూ!” అని పాస్టరమ్మగారు బుడ్డి బుగ్గ గిల్లారు. తర్వాత నిచ్చెన వైపు చూసి, “నువ్వు కాస్త గట్టిగా తొక్కమ్మా” అన్నారు.

నిచ్చెనకు కడుపు మండిపోయింది. ‘చెమటలు కక్కేది నేను, మెప్పు దానికా?’

రెండో చరణంలో కాళ్ళు నెమ్మది చేసింది. పాట మూలిగింది. ఇంకాస్త నెమ్మది చేసింది. పాట పిల్లిలా అరిచి ఆగిపోయింది.

“అయ్యో, తిత్తి చిరిగినట్టుంది!” అన్నారు పాస్టరమ్మగారు. “సాయంత్రం వడ్రంగి వచ్చి చూస్తాడు. బాగవకపోతే రేపు వాయించొద్దు. ఊరికే పాడుకుందాం.”

బుడ్డి పెదవి వణికింది. “నేనేమైనా తప్పు నొక్కానా అక్కా?”

“నాకేం తెలుసు?” అంది నిచ్చెన.

పాడేవాళ్ళందరూ మంచినీళ్ళకని బయటికి వెళ్ళారు. నిచ్చెన చివరి బెంచీ దగ్గర మోకరించి కళ్ళు మూసుకుంది.

“ప్రభువా, ఆ హార్మోనియం బాగవకూడదు. బుడ్డి రేపు వాయించకూడదు. యేసు నామమున...”

నోరు అక్కడే ఆగిపోయింది.

మళ్ళీ మొదలుపెట్టింది. “బుడ్డి వాయించకూడదు. యేసు...” ఊహూఁ. ఆయన చిన్నపిల్లలను దగ్గరికి తీసుకున్నాడు కదా. బుడ్డి కూడా చిన్నపిల్లే కదా. ఇలాంటి కోరిక కింద ఆయన పేరు ఎలా పెట్టడం?

పొద్దుట్నుంచీ పక్క గోడకు రంగు వేస్తున్న నాన్న బ్రష్ ఆపి చూశాడు. “ఏమ్మా, ఆమెన్ దొరకడం లేదా?”

“చెడ్డ కోరిక కోరాను నాన్నా. చివర ఆ పేరు పెట్టలేకపోతున్నాను.”

“అయితే పేరు ఉంచి, కోరిక మార్చు” అన్నాడు నాన్న. ఇంకేమీ అడగకుండా మళ్ళీ రంగు పనిలో పడ్డాడు.

నిచ్చెన మళ్ళీ కళ్ళు మూసుకుంది. తర్వాత మెల్లగా అంది.

“ప్రభువా, నాకు బుడ్డి మీద కుళ్ళు. పోగొట్టుకోవడం నా వల్ల కావడం లేదు. నువ్వే తీసెయ్యి. రేపు అది బాగా వాయించాలి. యేసు నామమున అడుగుతున్నాను తండ్రీ, ఆమెన్.”

ఈసారి మాట ఎక్కడా ఆగలేదు. కుళ్ళు మొత్తం పోయిందా అంటే, ఏమో! కానీ లేచి నిలబడే బలం మాత్రం వచ్చింది.

బయటికి పరుగెత్తింది. “పాస్టరమ్మగారూ, తిత్తి చిరగలేదు. నేనే కావాలని తొక్కడం ఆపేశాను.” చెల్లి వైపు తిరిగింది. “నీ తప్పేం లేదే. నాదే.”

“పో అక్కా! నేనెంత ఏడ్చానో తెలుసా?” బుడ్డి మూతి ముడిచి అటు తిరిగింది. కాసేపటికి ఇటు తిరిగింది. “రేపు గట్టిగా తొక్కుతావా?”

“చెక్కలు ఊడిపోయేలా తొక్కుతా!”

“ఊడగొట్టకే తల్లీ, మనకున్నది అదొక్కటే!” అన్నారు పాస్టరమ్మగారు నవ్వుతూ.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. నిచ్చెన తొక్కింది. పిక్కలు లాగేస్తున్నా ఆపలేదు. బుడ్డి వేళ్ళ కింద పాట పొంగింది. ఆఖరి చరణానికి అందరూ లేచి నిలబడి పాడారు. కిటికీ అద్దాలు అదిరాయి. నిచ్చెన కూడా తొక్కుతూనే గొంతెత్తి పాడింది.

పాట అయ్యాక వెనక వరసలోంచి ఎవరో, “వాయించింది ఎవరమ్మా? కనబడటం లేదే!” అన్నారు.

నిచ్చెన చెల్లిని రెండు చేతులా ఎత్తి బల్ల మీద నిలబెట్టింది.

“ఇదిగో! మా చెల్లి!” అని చర్చంతా వినబడేలా అరిచింది.

ఇట్లు,
బట్టలు ఇస్త్రీ చేసి బతికిన ఇస్త్రీ అమ్మమ్మ, డెబ్భై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు చిన్నకూతురి ఇంట్లో, మేడమీద గదిలో ఉంటున్నాను.