చెవి మీది పెన్సిల్

పొద్దున్నే వడ్రంగి చెయ్యి చెవి మీదికి పోయింది. పెన్సిల్ లేదు.

"వెతక్కు నాన్నా. ఆ అరిగిపోయిన ముక్కలన్నీ పారేశాను," అంది కూతురు. "ఇదిగో, పెన్ పెన్సిల్. చెక్కే పని లేదు, నొక్కితే చాలు. గీత వెంట్రుకంత సన్నంగా పడుతుంది."

ఆయన దాన్ని అందుకున్నాడు. మాట తక్కువ మనిషి. కూతురికి పెళ్ళయినా తండ్రి బల్ల దగ్గరే పని. ఇప్పుడు ఆమెకు నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకు ఇద్దరూ కలిసి ఉయ్యాల తొట్టి చేస్తున్నారు. ఒక్క కాలే మిగిలింది.

ఆయన గీశాడు. మొన పుటుక్కున విరిగింది. మళ్ళీ నొక్కి గీశాడు. మళ్ళీ విరిగింది. చివరికి తేలిగ్గా గీసి రంపం పట్టాడు.

కాలు బెజ్జంలో పెడితే ఊడబోయే పన్నులా ఊగింది.

"గీత ఇక్కడుంది, కోత అక్కడుంది! చూసి కోయొచ్చు కదా?"

"నీ పెన్సిలే తేడా."

"పెన్సిల్ మీదికి నెట్టకు నాన్నా. ఇందులో పడుకునేది నా బిడ్డ!"

వడ్రంగి రంపాన్ని, పళ్ళు మొద్దుబారతాయని కూడా చూడకుండా, బండ మీద పడేశాడు. అలా ఆయన ఎన్నడూ చేయలేదు. "నువ్వే చేసుకో. నేనిక ముట్టను," అని పోయి గడప మీద కూర్చున్నాడు.

వంటింట్లోంచి తల్లి వచ్చింది. "పెన్సిల్ కోసం కొట్టుకునేది బడిపిల్లలే అనుకున్నా."

కూతురు తప్పిన కోతను చూసింది. ఈ మనిషేనా ఇలా కోసింది? నిన్న ఆయన చేసి బిగించిన కాలి పక్కన కూర్చుంది. దాని మీద పాత పెన్సిల్ గీత ఇంకా ఉంది. తుడుద్దామని వేలితో రుద్దింది. వేలు ఆగింది. అక్కడ సన్నటి గాడి ఉంది. కళ్ళు మూసుకుని మళ్ళీ తడిమింది. గాడి వెంట వేలు దానంతటదే పోయింది, అంచు దాకా.

కొత్త గీత మీద వేలు పెట్టింది. ఏమీ తగల్లేదు. నున్నగా ఉంది.

తొట్టి మొత్తం, ఆ బిగువు, ఆ అతుకులు, అన్నీ ఈ మనిషి వేళ్ళతో చూసి చేశాడా!

గడప దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"ఏది?"

"కళ్ళు."

ఆయన కళ్ళు నులుముకున్నాడు. "మసక. చెప్తే రంపం లాక్కుంటావు. బల్ల దగ్గరికి రానివ్వవు. పిల్లకి తొట్టి అయ్యాక చెబుదామని..."

కూతురు ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. తల్లి కొంగు ముడి విప్పి అరిగిన పెన్సిల్ ముక్క తీసింది. "చెత్తలో దొరికింది. ఆయన చెవి దగ్గర నాకంటే ఎక్కువ కాలం ఉన్నది ఇదే. నన్నే పారేయలేదు, దీన్ని పారేస్తారా?"

ముగ్గురూ నవ్వారు, కళ్ళు తుడుచుకుంటూ.

కూతురు కొత్త చెక్క తీసుకుంది. మూలమట్టం ఆనించి పెన్ పెన్సిల్‌తో సన్నగా గీసింది. దాని మీదే పాత ముక్కతో గట్టిగా నొక్కి గాడి తీసింది.

వడ్రంగి బొటనవేలు గాడిని తడిమింది. గోరు అందులో ఆనింది. గోరు పక్కనే రంపం కదిలింది. పొట్టు రాలింది, కోత గీత దాటలేదు. కాలు బెజ్జంలో దిగి, చేత్తో ఒక్క దెబ్బకు బిగిసింది. ఊపితే తొట్టి కిర్రుమనలేదు.

"రేపు కంటి డాక్టరు దగ్గరికి వెళ్దాం," అంది మెల్లగా. "బల్ల మాత్రం నీదే."

ఆయన పాత ముక్కను తన చెవి మీద పెట్టుకున్నాడు. పెన్ పెన్సిల్ తీసి ఆమె చెవి మీద పెట్టాడు.

"గీత బాగుంది," అన్నాడు. "ఈసారి ఇంకాస్త నొక్కు."